మన లైబ్రరీలో ఏం దాచాలి? ఎవరు తేల్చాలి?

లైబ్రరీలో దొరకని సంగతిని చరిత్రగా నిలబెట్టడం చాలా కష్టం. దళిత ఉద్యమాల మీద పరిశోధన చేస్తున్న మాకు ఇది రోజూ ఎదురయ్యే సమస్య. 1906లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టారని, 1917లో బెజవాడలో ఆది ఆంధ్ర మహాసభ జరిగిందని చెప్పగలం. ఆ సభకు ఏ పల్లె నుంచి ఎవరొచ్చారు, ఖర్చులకు చందా ఎవరిచ్చారు అని అడిగితే మాత్రం కాగితం చూపించడం కష్టం.

అందుకే అంబేడ్కర్ భవనాల్లో, సంఘాల గదుల్లో చరిత్ర లైబ్రరీలు పెట్టాలనుకునే మిత్రులకు మేం చెప్పేదొకటే. బీరువాలు కొనే ముందు సేకరణ విధానం రాసుకోండి. ఏం తీసుకోవాలి, ఏది ముందు, ఏది వద్దు, ఎవరు నిర్ణయించాలి అన్నవి రెండు పేజీల్లో రాసి పెట్టుకోవడమే సేకరణ విధానం. అది రాసుకోకపోతే ఎవరో ఒకరి ఇష్టాయిష్టాలే విధానమైపోతాయి.

ఉన్న లైబ్రరీలు చాలవా?

1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, మరికొన్ని చోట్లకు పంపాలి. చిన్న పుస్తకాలకూ ఇది వర్తిస్తుంది. కానీ రాత్రికి రాత్రి కరపత్రం కొట్టించి తెల్లారేసరికి ఊరేగింపులో పంచేవాళ్లకు కలకత్తా ఎక్కడ గుర్తుంటుంది? జిల్లా గ్రంథాలయాలు ఇంటి పన్నుతో పాటు కట్టే సెస్సు మీద నడుస్తాయి. ఆ సెస్సు మన వాడల నుంచీ వెళ్తుంది. అయినా అక్కడ కొనేది ధర, ప్రచురణకర్త పేరు ఉన్న పుస్తకాలనే. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పాత పత్రికలను కాపాడి ఎంతో మేలు చేశాయి. అయితే ఏ లైబ్రరీ అయినా తన ఉద్దేశానికి తగ్గట్టే సేకరిస్తుంది. మన ఉద్దేశం మనమే రాసుకోవాలి.

హద్దు గీసుకోవాలి

‘దళితులకు సంబంధించినవన్నీ’ అనుకుంటే ఏ గదీ చాలదు. ఒక ప్రాంతం, ఒక కాలం, ఒక విషయం ఎంచుకోవాలి. ఉదాహరణకు 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు, 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా. ఈ కాలాన్ని ఎంచుకుంటే సేకరించాల్సినవి: కరపత్రాలు, గోడ పోస్టర్లు, నిజనిర్ధారణ నివేదికలు, సంఘాల మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు, పాటల క్యాసెట్లు. పుస్తకం ఆగుతుంది, క్యాసెట్ టేపు ఆగదు. న్యూస్‌ప్రింట్ పొడైపోతుంది. ముందు పాడయ్యేదే ముందు తీసుకోవాలి.

ఇక్కడే అసలు పరీక్ష వస్తుంది. వర్గీకరణ మీద 2004లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం దానికి భిన్నంగా, ఉపవర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. మన లైబ్రరీ నడిపేవాళ్లు ఏ పక్షమైనా కావచ్చు. దండోరా కరపత్రాలు, మాల మహానాడు కరపత్రాలు రెండూ పక్కపక్కనే ఉండాలి. ఒకటే ఉంచితే అది పార్టీ ఆఫీసు అవుతుంది గానీ లైబ్రరీ కాదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

అంబేడ్కర్ రచనల సంపుటాలు చాలాచోట్ల దొరుకుతాయి, చదువుకోవడానికి ఒక సెట్టు చాలు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ లాంటి వాటి రికార్డులు విదేశీ భాండాగారాల్లో ఉంటే, వాటి నకళ్లు అడగాలి. మన కొద్దిపాటి డబ్బూ శ్రమా ఒకే ఇంట్లో, ఒకే ట్రంకు పెట్టెలో మిగిలిన వాటికి పోవాలి. ఉద్యమంలో తిరిగిన ఆ తరం ముసలివాళ్లవుతున్నారు. వాళ్లు పోయాక ఆ పెట్టె పాత సామాన్ల బండికి పోతుంది.

తీసుకోకూడనివీ ఉంటాయి

డక్కలివాళ్లు మాదిగల ముందు పటం విప్పి జాంబపురాణం చెబుతారు. ఆ పటం వాళ్ల బతుకుతెరువు, తరతరాల హక్కు. కొనగలం కదా అని కొని అద్దాల పెట్టెలో పెడితే పటం మిగులుతుంది, కథ చెప్పే మనిషికి పని పోతుంది. ఫొటోలు తీసి, కథ రికార్డు చేసి, తగిన డబ్బిచ్చి, పటం వాళ్ల దగ్గరే ఉంచాలి.

దాడులకు గురైన ఆడవాళ్ల వాంగ్మూలాలు ఇంకా సున్నితమైనవి. పేర్లు ఎన్నేళ్లు మూసి ఉంచాలో, ఎవరు చూడవచ్చో ఆమె చెప్పాలి. ఇచ్చేవాళ్లతో ఒక ఒప్పంద పత్రం రాసుకోవాలి. కావాలన్నప్పుడు వెనక్కి తీసుకునే హక్కు అందులో ఉండాలి.

నిర్ణయించేది ఎవరు?

ప్రొఫెసర్లు, నాయకులు మాత్రమే కూర్చుంటే ప్రొఫెసర్ల పుస్తకాలు, నాయకుల ఫొటోలు మిగులుతాయి. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనంలో దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చారు. వెతికేవాళ్లు ఉంటే దొరుకుతాయని ఆ పుస్తకం చూపించింది. అందుకే ఎంపిక కమిటీలో ఆడవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, పాటగాళ్లు, ఉపకులాలవాళ్లు సలహాదారులుగా కాదు, ఓటున్న సభ్యులుగా ఉండాలి. ఏదైనా వద్దనుకుంటే కారణం రిజిస్టరులో రాయాలి.

భవనం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో ఉన్న కరపత్రాన్ని లామినేషన్ చేయించకండి, పిన్ను కొట్టకండి. కవరులో పెట్టి, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు పంచారు అని కవరు మీద పెన్సిల్‌తో రాయండి. ఆ మూడు మాటలు తెలిసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ వారమే వెళ్లి అడగండి.