ఓడిపోవడానికే ఆడితే...

బ్యాడ్మింటన్‌లో అంపైర్ కంటికి అందనివి కొన్ని ఉంటాయి. స్మాష్ కొట్టిన షటిల్ అవతలి ఆటగాడి రాకెట్ అంచును రాసుకుని బయట పడిందా, తాకకుండానే పడిందా అన్నది ఒక్కోసారి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. తాకిందని తనే ఒప్పుకుంటే పాయింటు ప్రత్యర్థికి పోతుంది. నెట్ పట్టీకి తగిలి అవతలికి జారిన షటిల్‌తో పాయింటు వస్తే చెయ్యెత్తి సారీ చెప్పడమూ ఆనవాయితీయే. ఆ సారీలో బాధ ఏపాటిదో గానీ మర్యాద మాత్రం తప్పరు.

మిగతాది రూల్సు చూసుకుంటాయి. కావాలని ఆట ఆలస్యం చేసినా, ఈకలు నలిపి షటిల్ వేగం మార్చినా, దురుసుగా ప్రవర్తించినా మొదట పసుపు కార్డు, అంటే హెచ్చరిక. ఎర్ర కార్డు పడితే ప్రత్యర్థికి పాయింటు. నల్ల కార్డు పడితే టోర్నీ నుంచే వేటు; ఆ నిర్ణయం రిఫరీది. 2023 డెన్మార్క్ ఓపెన్ సెమీస్‌లో అరుపులు శ్రుతిమించి పి.వి. సింధు, కరోలినా మారిన్ ఇద్దరూ పసుపు కార్డు చూశారు. తర్వాత సోషల్ మీడియాలో సర్దుకున్నారు. వీళ్లిద్దరే 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో తలపడ్డప్పుడు, గెలిచి కోర్టులో బోర్లా పడి ఏడుస్తున్న మారిన్‌ను ఓడిన సింధు వెళ్లి కౌగిలించుకుంది. ఆమె రాకెట్‌ను కూడా తీసి పక్కన పెట్టింది.

కోపతాపాలు కార్డులతో అదుపులోకొస్తాయి. అసలు గెలవాలనే లేకపోతే? 2012 లండన్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్‌లో అదే జరిగింది. తొలిసారి లీగ్ దశ పెట్టారు. చైనా జోడీ వాంగ్ షియావోలీ, యూ యాంగ్ అప్పటికే క్వార్టర్స్ చేరారు. గ్రూపులో మొదటి స్థానంలో నిలిస్తే సెమీస్‌లోనే తమ దేశపు రెండో జోడీ ఎదురుకావచ్చు. అందుకని కొరియా జోడీపై సర్వీసులు నెట్‌కు కొట్టారు, అందే షటిళ్లు బయటికి పంపారు. కొరియన్లూ తక్కువ తినలేదు. తొలి గేమ్‌లో నాలుగు దెబ్బలు దాటిన ర్యాలీ ఒక్కటీ లేదు. ప్రేక్షకులు గేలిచేశారు. తర్వాతి మ్యాచ్‌లో మరో కొరియా జోడీ, ఇండోనేషియా జోడీ అదే బాట పట్టాయి. గెలవడానికి శాయశక్తులా ఆడలేదన్న అభియోగంపై ఎనిమిది మందినీ మర్నాడు ఇంటికి పంపారు.

శిక్ష న్యాయమే. అయితే ఓడితేనే లాభమనే పోటీ పద్ధతిని రూపొందించింది ఆటగాళ్లు కాదు. అదే టోర్నీలో మరో గ్రూపులో హైదరాబాదీ గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప రెండు మ్యాచ్‌లు నెగ్గినా పాయింట్ల తేడాతో వెనుదిరిగారు. ఆ గ్రూపులోనూ ఒక జోడీ కావాలనే ఓడిందని భారత్ ఫిర్యాదు చేసినా తోసిపుచ్చారు. వేటుపడ్డ ఇండోనేషియా క్రీడాకారిణి గ్రేసియా పోలీ టోక్యో ఒలింపిక్స్‌లో అప్రియాని రహాయుతో కలిసి స్వర్ణం నెగ్గింది.

రియో నుంచి పద్ధతి మార్చారు. డబుల్స్ గ్రూపుల్లో రెండో స్థానం వచ్చిన జోడీలకు లీగ్ దశ ముగిశాకే మళ్లీ డ్రా తీస్తారు. రెండో స్థానానికి దిగితే ఎవరు తగులుతారో ముందే లెక్కకట్టుకునే వీల్లేదు.