దీర్ఘకాలపు ప్రేగు వ్యాధి – ఇద్దరు వైద్యుల మధ్య రోగి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ఏళ్ళ తరబడి రక్తంతోను, జిగటతోను విరేచనాలవుతున్న మనిషి ఆసుపత్రి మాత్రలతోపాటు ఆయుర్వేద చూర్ణాన్ని కూడ ఇంట ఉంచుకొనడం అరుదు కాదు. అది అజ్ఞానమని కొట్టివేయడం సులభం. అతడు అట్లా ఎందుకు చేస్తున్నాడో విచారించడం మేలని మేము భావిస్తున్నాము.

మొదటి కారణం వ్యాధి స్వభావంలోనే ఉన్నది. పెద్దప్రేగు లోపలిపొర పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్ గాని, 1932లో న్యూయార్కు వైద్యులు వర్ణించిన క్రోన్ వ్యాధి గాని మందులతో అదుపులో ఉంటుందే తప్ప సమూలంగా పోవడం కష్టం. కొంతకాలం తగ్గి మళ్ళీ తలయెత్తుతుంది. తగ్గేముందు ఏ మందు వాడితే కీర్తి దానికే దక్కుతుంది.

రెండవది దూరం. నిపుణునికి చూపించుకొనాలంటే గుంటూరుకో, కర్నూలుకో ప్రయాణం. అక్కడ లభించే సమయమా, స్వల్పం. ఊరి వైద్యుడు తీరికగా కూర్చుండి ఆకలి, నిద్ర విచారిస్తాడు, పథ్యం చెబుతాడు. మారేడుకాయ, కొడిసెపాల పట్ట విరేచనాలకు మందులన్న మాట తరతరాలుగా విన్నదే.

చదువుకొన్నవారు ఈ మార్గం త్రొక్కరనుకొనరాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పాశ్చాత్య వైద్యం చదివినవారే. సంగ్రహణి ఆయన సోదరుని ప్రాణం తీసింది. ఆయనను కూడ పట్టుకొన్న ఆ వ్యాధి డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో శాంతించింది. సుబ్బారావు అంతటితో తృప్తిపడలేదు. అమెరికా వెళ్ళారు. 1945లో ఆయన నాయకత్వాన లెడర్లీ పరిశోధకులు కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం సంగ్రహణి రోగులకు ఔషధమైంది.

అయితే ఆ ఔషధం క్రోన్ వ్యాధిని నయం చేయదు. విరేచనాలు ఒకే విధంగా కనిపించినా వ్యాధులు వేరు. ప్రేగు క్షయ కూడ క్రోన్ వ్యాధిలాగే కనిపిస్తుంది. క్షయ మందులతో అది నయమవుతుంది. పరీక్ష చేయించుకొనక చూర్ణాలతో కాలం గడిపితే ఆ అవకాశం చేజారుతుంది.

2006లో జపానులో 89 మంది కొలైటిస్ రోగులపై జరిపిన పరిశీలనలో పసుపులోని కుర్కుమిన్ వ్యాధి తిరగబెట్టడాన్ని తగ్గించింది. కాని దానిని మామూలు మందులతో కలిపి ఇచ్చారు, వాటికి బదులుగా కాదు. కొన్ని రసౌషధాలలో పాదరసం, సీసం ఉంటాయి. స్టెరాయిడు మాత్రలను హఠాత్తుగా మానడం ప్రమాదకరం.

అందుచేత శ్రోతలకు మా మనవి ఒక్కటే. ముందు వ్యాధి పేరు తేల్చుకొనండి. ఆపైన వాడుతున్న ప్రతి మందును, ఇంటి కషాయంతో సహా, డాక్టరుకు చెప్పండి. డాక్టర్లు కూడ కోపగించక వినాలి. కోపానికి వెరచిన రోగి చూర్ణాన్ని మానడు, దాచిపెడతాడు.