ముందు మేత.. తరువాత గాలం

చెరువులో పెద్ద చేపలున్నాయి. సంజెవేళ నీళ్ళపైకి ఎగిరి దబ్బున పడుతుంటాయి. గట్టున కూర్చున్నవారి బెండు మాత్రం కదలదు. పెద్ద చెరువుల దగ్గర ఇది తరచు కనిపించే దృశ్యమే.

కారణాలు లేకపోలేదు. విశాలమైన చెరువులో చేప పలుచగా ఉంటుంది. పురుగులు, నత్తలు, నాచు సహజంగానే దొరుకుతాయి గనుక ఎరను వెతుక్కుంటూ రాదు. పైగా ఒకసారి ముల్లు గుచ్చుకుని తప్పించుకున్న చేప చాలాకాలం జాగ్రత్తగా మెలుగుతుంది. ఇలాంటి చోట మూడు నాలుగు రోజుల ముందునుంచే మేత వేసి చేపను ఒకచోటికి మరిగించాలి.

చేపల చెరువుల పాఠం

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులలో తవుడు, చెక్క నింపిన చిల్లుల సంచులను నీళ్ళలో వేలాడదీస్తారు. మేత రోజూ ఒకేచోట, ఒకేవేళ దొరుకుతుంది గనుక చేపలు ఆ వేళకు సంచుల దగ్గరకు చేరుకుంటాయి. గాలం వేసేవారు చేయవలసిందీ ఇదే. చోటు మార్చరాదు. వేళ తప్పరాదు.

ముందుగా దారానికి రాయి కట్టి లోతు, అడుగు చూసుకోవాలి. కుళ్ళు వాసన వచ్చే నల్లబురద పనికిరాదు. గట్టి నేల మేలు. ఎదుటి గట్టున ఒక చెట్టును గురుతుగా పెట్టుకుంటే మేత రోజూ అక్కడే పడుతుంది.

ఏ చేపకు ఏ మేత?

బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది. అది పైనీటిలో మేస్తుంది. దానికి నీళ్ళలో విడిపోయే మెత్తని తవుడు ముద్ద కావాలి. శీలావతి నడినీటి చేప. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. వీటికి చెక్క, తవుడు కలిపిన గట్టి ఉండలు వేయాలి. బంగారుతీగకు ఉడికించిన మొక్కజొన్న గింజలు కూడా ఇష్టమే. గింజలను నానబెట్టి మెత్తగా ఉడికించాలి. పచ్చివి వేయకూడదు. చివరిరోజు ముల్లుకు గుచ్చే ఎర కూడా మేతలో వాడినదే కావాలి.

దోసెడు చాలు

ఎక్కువమంది చేసే పొరపాటు బుట్టలకొద్దీ కుమ్మరించడం. ఈ జాతి చేపలకు మనకున్నట్లు పొట్టసంచి లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే కొద్దికొద్దిగా, పలుమార్లు మేస్తాయి. రోజూ ఒకటి రెండు దోసిళ్ళు చాలు. గాలం వేసేరోజు అంతకన్నా తగ్గించాలి. చలికాలంలో చేపకు ఆకలి మందగిస్తుంది. అప్పుడు సగమే వేయాలి.

మిగిలిన మేత అడుగున పులిసి కుళ్ళుతుంది. నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. వేసవిలో నీరు తగ్గిన చెరువులలో దీనివల్ల చేపలకే ముప్పు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే మేత వెంటనే ఆపాలి. ఆ సమయంలో అవి ఎర ముట్టవు కూడా.

చాలా చెరువులలో చేప మత్స్యకారుల సహకార సంఘాలది. పిల్లలు వదిలినదీ, పెంచినదీ వారే. అడగకుండా మేత వేసి చేపను మరిగించడం ఒకరి కూటికి గాలం వేయడమే. మంచినీటి చెరువులలో మేత అసలే వేయరాదు. వానకాలంలో గుడ్లతో ఉన్న చేప చిక్కితే నీళ్ళలో వదిలేయడం మంచిది.