సారు మధ్యలో లేచి వెళ్తే

జక్రాన్‌పల్లి నుంచి ఒక తండ్రి అడిగారు: రాత్రిళ్లు పసుపు చేనుకు తీసుకెళ్లే టార్చిలైటును అయిదేళ్ల కొడుకు విప్పి ముక్కలు ముక్కలు చేశాడట. వాణ్ని గట్టి క్రమశిక్షణ ఉన్న హాస్టల్లో వేయాలా, ఇలాగే వదిలేయాలా?

గట్టి క్రమశిక్షణ అంటే కొట్టడమే అయితే, ఆ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ఇక్కడ ఆశ్చర్యపరిచే విషయం దెబ్బల్లో లేదు, ఎంతో ప్రేమగా చెప్పే పాఠంలో ఉంది.

ఎలిజబెత్ బోనావిట్జ్, లారా షుల్జ్ తదితరులు 2011లో ఒక ప్రయోగం ప్రచురించారు. రంగురంగుల గొట్టాలు అతికించిన ఒక వింత బొమ్మ. పసుపుపచ్చ గొట్టం లాగితే కీచుమంటుంది. ఒకచోట దీపం వెలుగుతుంది, ఇంకోచోట సంగీతం వినిపిస్తుంది, మరో గొట్టంలోకి తొంగిచూస్తే అద్దం. బడి ఈడుకు రాని పిల్లల్లో కొందరికి, ఇదెలా పనిచేస్తుందో చూపిస్తానంటూ ఆ కీచు ఒక్కటే చూపించారు. మరికొందరి ముందు, అనుకోకుండా లాగితే కీచుమన్నట్టు నటించారు.

పాఠం విన్నవాళ్లు తక్కువసేపు ఆడారు. మిగతా రహస్యాలనూ తక్కువే కనిపెట్టారు.

భయపడి కాదు. పిల్లవాడి లెక్క చూడండి: ఈ బొమ్మ గురించి అంతా తెలిసిన మనిషి ఒక్కటే చూపింది, ఇంకేమైనా ఉంటే చూపేదే కదా, కాబట్టి ఇంకేం లేదు! ఎంత పక్కా తర్కం! ఇంకో గుంపుకు అదే కీచు, అదే పాఠం. కానీ చూపించిన వెంటనే, పనుందంటూ పాఠం చెబుతున్నామె లేచి వెళ్లిపోయింది. పాఠం సగంలో ఆగిందని గ్రహించిన ఆ పిల్లలు బొమ్మనంతా గాలించారు. పాఠంలో మిగిలిన ఆ ఖాళీయే తేడా అంతా తెచ్చింది.

అయితే పిల్లల్ని పూర్తిగా వాళ్ల మానాన వదిలితే చాలన్నవాళ్లూ పొరబడ్డారు. 2004లో క్లార్, నిగమ్ వాలు బల్లల మీద బంతులు దొర్లించే ప్రయోగాలతో మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని పరీక్షించారు. ఒకసారికి ఒకే అంశాన్ని మార్చి పోల్చే పద్ధతి, విడమరిచి నేర్పినవాళ్లలో నూటికి 77 మందికి పట్టుబడింది. సొంతంగా వెతుక్కున్నవాళ్లలో 23 మందికే.

విడమరిచి నేర్పి తీరాల్సినవీ ఉంటాయి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమె భువనగిరి బండల మీద శిక్షణ పొందింది. తాడు ముడి ఎలా వేయాలో పిల్లలు తమంతట తాము కనిపెట్టేదాకా ఏ గురువూ ఆగకూడదు. ముడి జారితే ప్రాణం పోతుంది.

సిలబస్ పూర్తిచేసే పరుగులో మన బడులకు, పాఠం మధ్యలో వదలాల్సిన ఆ ఖాళీయే దొరకడం లేదు. ఇంట్లో మాత్రం దొరుకుతుంది. మోటారు స్టార్టరు డబ్బా ముట్టొద్దని కొడుక్కి గట్టిగా చెప్పండి, ప్రతిసారీ అదే మాట చెప్పండి. టార్చిలైటు దగ్గర మాత్రం పక్కన కూర్చుని, సెల్లు ఏ వైపు పెట్టాలో ఒక్కటి చూపించండి. ఇందులో ఇంకా చాలా ఉన్నాయి బిడ్డా, నువ్వే చూడు అని చెప్పి లేచి వెళ్లండి.