పీలికలే కదా అని పారేయొద్దు!

* వేరుచేసి దాచుకుంటే వెచ్చని బొంతలు
* నూలు, పాలిస్టర్‌ కలిపితే కుట్టు నిలవదు

నిలకడ లేని కూటములను రాజకీయాల్లో ‘అతుకుల బొంత’ అని ఎద్దేవా చేస్తుంటారు. నిజానికి తీరుగా కుట్టిన బొంత ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. త్వరగా చిరిగిందంటే లోపం చాలావరకు కుట్టులో కాదు, ముక్కల ఎంపికలోనే ఉంటుంది. ఏ ముక్కను దేనితో కలపాలో తెలిస్తే దర్జీ దుకాణంలో ఊడ్చి పారేసే పీలికలతోనే చలికాలానికి చక్కని పక్క సిద్ధమవుతుంది.

జూన్‌లో బడి దుస్తులు, పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లు, దసరా, సంక్రాంతికి కొత్తబట్టలు.. కుట్టుమిషను ఆడినన్నాళ్లూ కత్తిరింపు ముక్కలు గుట్టలుగా పోగవుతూనే ఉంటాయి. వీటిలో చాలావరకు మురుగుకాల్వల్లోకో, చెత్తకుప్పల్లో మంటకో చేరుతున్నాయి. చెత్తను వీధుల్లో, కాల్వల్లో వేయడాన్ని, బహిరంగంగా తగలబెట్టడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే నిషేధించాయి. పైగా పాలిస్టర్‌ గుడ్డ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హానికరం.

ఒకప్పుడు ఇంటింటా..

పాత నూలు చీరలు, పంచెలు పొరలుగా పరిచి బొంత కుట్టుకోవడం తెలుగు పల్లెల్లో తరతరాల అలవాటు. సంచార కులాల స్త్రీలు ఊరూరా తిరుగుతూ ఇంటివారిచ్చిన పాతబట్టలతో కూలికి బొంతలు కుట్టి ఇచ్చేవారు. మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, బెంగాల్‌లో కాంతా ఇదే కోవకు చెందినవి. మిల్లు దుప్పట్లు చౌకగా దొరకడం, నూలు చీరల స్థానంలో సింథటిక్‌ చీరలు రావడంతో ఈ పని వెనకబడింది.

వేరు చేయడమే సగం పని

తెచ్చిన ముక్కలన్నీ ఒకే సంచిలో కుక్కితే కుట్టే వేళకు ఏదీ చేతికి దొరకదు. ముందుగా హుక్కులు, గుండీలు తీసేసి నూలు, టెరికాటన్‌, పాలిస్టర్‌, పట్టు వేర్వేరుగా పెట్టాలి. ఆపై మందం, పరిమాణం చూసి విడదీయాలి. అరచేతికన్నా పెద్దవి ఒకవైపు, పొడవాటి పట్టీలు మరోవైపు, చిన్న తునకలు ఇంకోవైపు ఉంచాలి. లేత, ముదురు రంగులను విడివిడిగా కట్టలు కడితే అమరిక సులువవుతుంది. పూర్తిగా ఆరిన ముక్కలనే గాలి ఆడే గుడ్డసంచుల్లో, ఎండిన వేపాకు వేసి భద్రపరచాలి. తడి ఉంటే బూజు పడుతుంది.

అన్నీ ఎందుకు కలపకూడదన్న సందేహం రావచ్చు. కొత్త నూలు గుడ్డ తొలి ఉతుకుల్లో కుంచించుకుపోతుంది. పాలిస్టర్‌ అంతగా కుంచించుకుపోదు. రెండూ పక్కపక్కన ఉంటే అతుకు ముడతలు పడి దారం లాగేస్తుంది. మందపాటి ప్యాంటు గుడ్డ పక్కన పల్చటి జాకెట్‌ ముక్క వేసినా, గట్టి కొత్త గుడ్డకు నలిగిన పాతది కుట్టినా బలహీనమైనదే ముందు చిరుగుతుంది.

ఏది నూలో గుర్తించేదెలా?

అనుమానం ఉంటే ఒక్క పోగును పట్టకారుతో పట్టి, పక్కన నీళ్లు ఉంచుకుని కాల్చి చూడాలి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్‌ ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మిగులుతుంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

కొత్త నూలు ముక్కలను రాత్రంతా నానబెట్టి ఆరేస్తే కుంచించుకోవాల్సింది ముందే పూర్తవుతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూస్తే రంగు దిగే ముక్క ఏదో బయటపడుతుంది. దాన్ని పక్కన పెట్టడమే మేలు.

లెక్క ఇలా..

అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బొంతకు ఆరంగుళాల చదరాలు అడ్డంగా 10, నిలువుగా 14, మొత్తం 140 కావాలి. నాలుగువైపులా కుట్టులోకి పావు అంగుళం పోతుంది కాబట్టి ఒక్కో ముక్కను ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి. అట్టతో ఒక కొలత చేసుకుంటే అన్నీ సమానంగా వస్తాయి. ముందు అడ్డవరుసలు కుట్టి, తర్వాత వరుసలను కలపాలి.

అడుగున ఒక పాత నూలు చీరను రెండుగా చేసి, పక్కపక్కన కలిపి పరవాలి. దానిపై రెండు మూడు పొరలు పాత చీరలు, లుంగీలు వేసి, పైన అతుకుల గుడ్డ పరిచి, ముడతలు లేకుండా పెద్ద టాకాలు వేయాలి. మధ్య నుంచి అంచులవైపు రెండు వేళ్ల ఎడంతో వరుసలుగా కుడితే పొరలు జరగవు. చివరగా అంచు మడిచి పట్టీ వేయాలి.

మిగిలినవీ వృథా కావు

పట్టీలను జడలా అల్లి చుట్టలుగా కుడితే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్ట అవుతుంది. చిన్న తునకలు దిండ్లలోకి పనికొస్తాయి. పాలిస్టర్‌ ముక్కలు సంచులకు అనుకూలం. వాటిని పసిపిల్లల పక్కకు, పొయ్యి దగ్గర వాడే మసిగుడ్డలకు వాడరాదు. చెమట పీల్చవు, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. పసికందులకు పలుమార్లు ఉతికిన మెత్తని నూలు గుడ్డే మంచిది.

శ్రమకూ ధర ఉండాలి

ఇంటి అవసరానికి కుట్టుకుంటే ఖర్చు దారానికే. అమ్మకానికైతే లెక్క వేరు. ముక్కలు ఊరికే వచ్చాయని బొంతకు దుప్పటి ధర కడితే కుట్టినవారికి కూలి గిట్టదు. ముక్కలు వేరు చేయడం మొదలు అంచు కట్టడం వరకు పట్టిన రోజులను రాసుకుని, రోజు కూలి చొప్పున లెక్కగట్టి, దారం ఖర్చు కలిపి ధర చెప్పాలి. పీలికలు ఉచితంగా దొరకవచ్చు గానీ, వాటిని బొంతగా మార్చే చేతుల శ్రమ ఉచితం కాదు.