రెండు విధేయతల నడుమ తనిఖీ సంస్థ: రొయ్యల ఎగుమతిలో ఐరోపా నిబంధనల అమలు

ఐరోపా సమాఖ్య చట్టాలు బ్రస్సెల్స్‌లో రూపొందినా, వాటిని అమలు చేసేది ప్రధానంగా సభ్యదేశాల సంస్థలే. అటువంటి సంస్థ తన మంత్రిత్వ శాఖకు జవాబుదారీగా ఉంటూనే ఐరోపా కమిషన్ నిర్దేశాలను కూడా పాటించవలసి ఉంటుంది. పరిపాలనా శాస్త్రవేత్త మోర్టెన్ ఎగెబర్గ్ ఈ స్థితిని ‘రెండు టోపీలు’ ధరించడంతో పోల్చారు. సమాఖ్యలో సభ్యత్వం లేని మన దేశంలోనూ ఇదే సమస్య రొయ్యల ఎగుమతి రంగంలో కనిపిస్తుంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లా బెల్లానికీ, చెరకు పరిశోధనకూ పేరొందినది. పూడిమడక వంటి తీరగ్రామాలు కూడా ఈ జిల్లాలోనివే. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలోనే ప్రముఖమైన విశాఖపట్నం ఓడరేవు దీనికి పొరుగున ఉన్నది. కావున ఐరోపా నిబంధనల ప్రభావం ఈ తీరానికి దూరపు విషయం కాదు.

ఐరోపా సమాఖ్య మన చెరువులను ప్రతిదినం తనిఖీ చేయదు. ఎగుమతి చేసే ప్రతి దేశమూ ఒక అధీకృత సంస్థను నియమించి, దాని ద్వారా హామీ ఇవ్వాలని కోరుతుంది. మన దేశంలో ఆ బాధ్యత 1963 నాటి చట్టం కింద ఏర్పడిన ఎగుమతి తనిఖీ మండలిది. అవశేషాల పర్యవేక్షణ ప్రణాళికను, పట్టుబడికి ముందు చేసే పరీక్షలను 1972లో ఏర్పడిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) నిర్వహిస్తుంది. ఈ వ్యవస్థ సక్రమంగా పనిచేస్తున్నదా అన్నది కమిషన్ ఆడిటర్లు వచ్చి పరిశీలిస్తారు.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఈ రెండు సంస్థలూ వాణిజ్య మంత్రిత్వ శాఖ పరిధిలోనివి. ఎగుమతులు పెరగడం ఆ శాఖ లక్ష్యం. ఎంపెడా ఒక చేత్తో ఎగుమతిని ప్రోత్సహిస్తూ, మరొక చేత్తో దోషాన్ని వెలికితీయాలి. తనిఖీలో ఉదారత చూపితే నేటి సరుకు కదులుతుంది. అయితే దాని మూల్యాన్ని దేశమంతా చెల్లించవలసి వస్తుంది. 1997లో పరిశుభ్రతా లోపాల కారణంగా భారత మత్స్య ఉత్పత్తుల దిగుమతిని ఐరోపా నిలిపివేసింది. 2016లో మన సాగు రొయ్యల సరుకులలో సరిహద్దు వద్ద పరీక్షించే వాటా 10 శాతం నుండి 50 శాతానికి పెరిగింది. క్లోరాంఫెనికాల్ విషయంలో చర్యకు ప్రాతిపదికగా తీసుకునే అవశేష స్థాయి 2022 నవంబరు 28 నుండి కిలోకు 0.3 మైక్రోగ్రాముల నుండి 0.15కు తగ్గింది.

సభ్యదేశాల సంస్థలకూ, మన సంస్థలకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. నిబంధన రూపొందే కమిటీలో సభ్యదేశాలకు ఓటు ఉంటుంది. మనకు ఓటు లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలోని ఆరోగ్య రక్షణ చర్యల కమిటీలో అభ్యంతరం తెలిపే అవకాశం మాత్రమే ఉన్నది. విధేయత కోరే నిబంధన ఒకచోట రూపొందితే, దాని భారం మరొకచోట పడుతున్నది. పట్టుబడికి ముందు నమూనాలో నిషిద్ధ అవశేషం కనబడితే నష్టం ముందుగా తగిలేది రైతుకే. మందును తానే వాడకున్నా, హేచరీ పిల్లల ద్వారానో, దానిలో ఏమున్నదో తెలియని మేత, మిశ్రమాల ద్వారానో అది చెరువులోకి చేరవచ్చు.

అయినప్పటికీ దీనిని స్వదేశానికీ ఐరోపాకూ మధ్య వివాదంగా మాత్రమే చూడరాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశపు ఆక్వా సాగులోనూ నిషిద్ధమే. క్లోరాంఫెనికాల్ అరుదుగానైనా ఎముక మజ్జను తీవ్రంగా దెబ్బతీయగలదు. ఆ ప్రమాదానికి దేశభేదం లేదు. ఆ నిషేధాన్ని గట్టిగా అమలు చేయడం స్వదేశీ వినియోగదారునికీ విధేయతే. దోషం దాచడం రైతుకు మేలు చేయడం కాదు. దోషం చెరువులోకి రాకుండా చూడడమే మేలు.

కావున విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత నమూనా తీయడానికి ఎంతో ముందే మొదలవుతుంది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ వద్ద నమోదైన హేచరీ పిల్లలనే ఎంచుకోవడం, యాంటీబయాటిక్ రహితమని ధ్రువీకరణ పొందిన ఉత్పాదకాలనే వాడడం, ప్రతి కొనుగోలుకూ బిల్లు, ప్రతి చెరువుకూ వాడకం పుస్తకం ఉంచడం రైతుకు అలవాటు చేయాలి. అవశేషం బయటపడినపుడు దాని మూలాన్ని కనుగొని, అమ్మినవారిపై బాధ్యత నిలపడానికి ఆ పుస్తకమే ఆధారమవుతుంది. తనిఖీ విభాగాన్ని ఎగుమతి ప్రోత్సాహం నుండి వేరుచేయాలా, అలా చేస్తే రైతుకు ఒరిగేది ఏమిటి అన్నవి విద్యార్థులు పరిశోధనకు స్వీకరించదగిన ప్రశ్నలు. తనిఖీ ఎవరి చేతిలో ఉన్నా, దాని ఫలితం కారణంతో సహా రైతుకు సకాలంలో అందినపుడే ఆ సంస్థ తన రెండు విధేయతలనూ నిలుపుకోగలదు.