ఆ పేపర్‌లో సుబ్బారావు పేరు ఎందుకు లేదు?

1948 జూన్ 3. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పేపర్ అచ్చయింది. రాసింది బోస్టన్‌లో పిల్లల డాక్టర్లతో కలిసి పనిచేసే సిడ్నీ ఫార్బర్, ఇంకో నలుగురు. అక్యూట్ లుకేమియా వచ్చిందంటే అప్పట్లో పిల్లలు బతకడం కల్ల. అలాంటి 16 మందికి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే, 10 మందిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. తాత్కాలికమే. కానీ బ్లడ్ క్యాన్సర్‌ని మందుతో ఆపొచ్చన్న ఆశ పుట్టింది అక్కడే. కీమోథెరపీ కథ ఎవరు చెప్పినా ఈ పేపర్ దగ్గర ఆగాల్సిందే.

రచయితలు అయిదుగురు. అందులో మన యల్లాప్రగడ సుబ్బారావు లేరు. ఆ మందు మాత్రం తయారైంది ఆయన టీమ్ చేతుల్లోనే!

భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన సుబ్బారావు అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబ్స్‌లో రీసెర్చ్ డైరెక్టర్. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. ఆయన టీమ్ ముందు దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. తర్వాత దాన్నే కాస్త మార్చి, అచ్చం అలాగే కనిపించే నకిలీని చేసింది. తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. ఆబగా పెరిగే క్యాన్సర్ కణం అసలనుకుని నకిలీని పట్టుకుంటుంది, ఇక చీలలేదు. అదే అమినోప్టెరిన్. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. 1956లో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ని ఈ మందుతోనే నయం చేశారు. ఇప్పుడు కీళ్లవాతానికి కూడా చిన్న డోసులో ఇస్తారు. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే గుర్తుంచుకోండి, కీళ్లకి ఇచ్చేది వారానికి ఒక్కసారే. రోజూ మింగే మాత్ర కాదు సుమా!

మరి పేపర్లు? రీసెర్చ్ ఫీల్డ్‌లో ఇప్పుడు ఎవర్నైనా కొలిచేది హెచ్-ఇండెక్స్‌తో. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చెప్పిన లెక్క ఇది. మీ పేపర్లలో ఒక 20 పేపర్లని కనీసం 20 సార్ల చొప్పున వేరేవాళ్లు ప్రస్తావిస్తే మీ స్కోరు 20. ఈజీగా ఉంది కదా. సుబ్బారావు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క కాస్త కామెడీగా మారుతుంది.

ఆయన పేరు మీద బాగా ప్రస్తావనకొచ్చిన పేపర్ క్యాన్సర్ గురించి కాదు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రాసిన, భాస్వరాన్ని నీలం రంగుతో కొలిచే పద్ధతి అది. వేల పేపర్లు దాన్ని ప్రస్తావించాయి. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ప్రాక్టికల్స్‌లో ఫిస్క్-సుబ్బారావు మెథడ్ చేసే ఉంటారు. అదే పద్ధతి పుణ్యమా అని ఇద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, తర్వాత 1929లో ఏటీపీని బయటపెట్టారు. జర్మనీలో లోమన్ కూడా విడిగా అదే ఏడాది ఏటీపీని పట్టుకున్నాడు. కానీ ఇవాళ ఏటీపీ అని రాసేవాళ్లు ఎవరైనా 1929 నాటి పేపర్‌ని ప్రస్తావిస్తారా? స్కూల్ పుస్తకంలోకి ఎక్కేసిన విషయానికి ప్రస్తావన అక్కర్లేదు. అంటే మరీ పెద్ద హిట్టయితే స్కోరు పెరగడం ఆగిపోతుందన్నమాట!

ఇంకో పక్క, అసలు అచ్చుకే వెళ్లని పనీ ఉంది. 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒకప్పుడు హార్వర్డ్‌లో ఫిస్క్ దగ్గరే చదివాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని ఆయనే చెప్పాడు. లెడర్లీకి వచ్చాక కథ ఇంకోలా ఉంది. ఫోలిక్ యాసిడ్ తయారీపై 1946లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్‌కి 16 మంది రచయితలు. డైరెక్టర్ గారి పేరు ఎక్కడో మధ్యలో ఉంటుంది. మనిషి స్వతహాగా వెనక నిలబడే రకం, క్రెడిట్ టీమ్‌కి వదిలేసేవారు. ఫైలేరియాకి మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్రలు కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచి వచ్చినవే. ఏ స్కోరు బోర్డూ దాన్ని లెక్కపెట్టదు.

ఫార్బర్ పేపర్ వచ్చిన రెండు నెలలకి, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

ఆయన కోసం వెతకాలనుకుంటే చిన్న చిక్కుంది. ఇంగ్లిష్‌లో ఆయన పేరు చివర 'రావు' అని కాకుండా 'రో' అన్నట్టు రాసుకునేవారు. మనవాళ్లేమో మామూలు స్పెల్లింగే కొడతారు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ సరేసరి. ఈ తలనొప్పి ఇప్పటి పీహెచ్‌డీ పిల్లలకీ ఉంది. ఒక పేపర్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం, పెళ్లయ్యాక మూడోది. కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు మనుషులు! 2012 నుంచి ఓర్‌సిడ్ అని 16 అంకెల ఐడీ ఉచితంగా ఇస్తున్నారు. మొదటి పేపర్ పంపకముందే తీసేసుకోండి. ఫోన్‌లోనే అయిపోతుంది.